ధూళి వెనక రెండో కృష్ణబిలం

ముందుగా ఉద్యోగం గురించి

ఖగోళ శాస్త్రంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఉప్పల్‌లో మా ఇంటికి వస్తుంటారు. కూర్చోగానే అడిగేది ఒకటే, "మేడం, టెలిస్కోప్‌లో మీరు ఏమేం చూశారు?" అని. నిజం చెబితే వాళ్ళ ముఖాలు కాస్త వాడిపోతాయి. నేను టెలిస్కోప్‌కి కన్ను ఆనించి చూసిన సందర్భాలు చాలా తక్కువ. నా ఉద్యోగ జీవితం ఎక్కువగా నాచారంలో, మా పరిశోధన కేంద్రం రెండో అంతస్తులో, పట్టపగలు కంప్యూటర్ ముందు గడిచింది. కిటికీ తెరిస్తే కనిపించేవి నక్షత్రాలు కావు, పక్క ఫ్యాక్టరీల రేకుల షెడ్లు. ఎక్కడో కొండల మీదున్న టెలిస్కోపులు, భూమి చుట్టూ తిరిగే టెలిస్కోపులు పంపిన సమాచారాన్ని శుభ్రం చేసి, అందులో ఏముందో, ముఖ్యంగా ఏం లేదో తేల్చుకోవడమే మా పని.

ఏం లేదో తేల్చుకోవడం అన్నాను కదా, ఈ ఉద్యోగంలో కష్టమంతా అక్కడే ఉంది. పదోన్నతుల గురించీ కమిటీల గురించీ రాయను. అవి ఎక్కడైనా ఒకేలా ఉంటాయి. మా ముగ్గురికీ సంబంధించిన ఒక్క పరిశోధన గురించి రాస్తాను. ఆ ముగ్గురిలో ఒకరు మా పెద్ద సార్ రాజలింగం, ఒకరు మా విద్యార్థిని మౌనిక, మూడో మనిషిని నేను. నా పేరు కామేశ్వరి. మా నాన్న గుమస్తా ఉద్యోగం బదిలీ మీద రేపల్లె నుంచి ఉప్పల్ వచ్చారు. నేను ఇక్కడే చదువుకుని ఇక్కడే స్థిరపడ్డాను. మాట మాత్రం ఇప్పటికీ మా అమ్మ మాటే.

రాజలింగం సార్

సార్ సొంతూరు జనగాం వైపు. పెద్ద పెద్ద సమావేశాల్లో ఇంగ్లిష్‌లో అనర్గళంగా మాట్లాడేవారు. మా గదిలోకి రాగానే ఊరి మాటలోకి దిగిపోయేవారు. కష్టమైన విషయాన్ని ఆయనలా విడమరిచి చెప్పగలిగినవాళ్ళను నేను మళ్ళీ చూడలేదు.

నేను చేరిన కొత్తలో ఒకసారి ఆయన్ని అడిగాను. పెద్ద గెలాక్సీలు దాదాపు అన్నిటి నడుమా సూర్యుడికి లక్షల రెట్లు, కొన్నిచోట్ల కోట్ల రెట్లు బరువైన కృష్ణబిలం ఉంటుంది కదా, చుట్టూ అంత వాయువు ఉంది కదా, మరి చాలా కృష్ణబిలాలు పస్తు ఎందుకు ఉంటున్నాయి అని.

"ఉప్పల్ చౌరస్తల ఆటోలు సూసినవా?" అన్నారు సార్. "నడుమ పోలీసు దిమ్మె ఉంటది. అన్నీ దాని సుట్టూ తిరిగి పోతయ్ గని దిమ్మెను గుద్దయ్. ఎందుకు? ఉరుకుతున్నయ్ గాబట్టి. గెలాక్సీల గ్యాస్ గూడ గంతే. తిరుగుతున్నంత సేపు నడుమకు రాదు. ఇంకో గెలాక్సీ వచ్చి తగిలిందనుకో, దాని ఊపు పోతది. ఊపు పోయినంక నడుమకు జారుడే. గప్పుడు కృష్ణబిలానికి కడుపునిండ తిండి."

రెండు గెలాక్సీలు ఢీకొన్నప్పుడు నక్షత్రాలు దాదాపుగా ఒకదానికొకటి తగలవు. వాటి మధ్య దూరాలు అంత ఎక్కువ. వాయువు మాత్రం తప్పించుకోలేదు. ఒత్తుకుపోతుంది, వేగం కోల్పోతుంది, నడిమికి జారుతుంది. కృష్ణబిలంలో పడేముందు విపరీతంగా వేడెక్కి మెరుస్తుంది. ఆ మెరుపే మాకు గుర్తు. పడ్డాక ఇక ఏమీ కనిపించదు. గెలాక్సీలు ఢీకొనడం వల్లే కృష్ణబిలాలు ఇంత పెద్దవయ్యాయన్నది సార్ గట్టి నమ్మకం. ప్రపంచంలో చాలామంది నమ్మకం కూడా అదే. కాదనేవాళ్ళూ ఉన్నారు. వేటికీ తీసిపోని కృష్ణబిలాలు ఏ ఢీ లేకుండానే మెరుస్తున్న గెలాక్సీలను చూపించి, దీనికేమంటారు అని అడుగుతారు.

సార్ గొప్ప గురువు. అయితే ఒకటి నమ్మాక వినడం మానేస్తారు. ఇది ఆయన ముందు కూడా అన్నాను కాబట్టి రాయడానికి సంకోచం లేదు.

ఒక ఉదాహరణ చెబుతాను. గెలాక్సీ ఫొటోలు చూసి ఏది ఢీకొన్నది, ఏది ఒంటరిది అని విడదీసేవాళ్ళం. ఢీకొన్నవాటికి తోకల్లాంటి పొడుగాటి వెలుగు చారలు ఉంటాయి. నడుమ మెరుపు ఉన్న ప్రతి గెలాక్సీకీ సార్ కంటికి ఏదో ఒక తోక కనిపించేది. నాకు కనిపించేది కాదు. వాదించి లాభం లేదని ఒకరోజు ఫొటోలన్నిటికీ నడిమి భాగాన్ని నల్లటి మచ్చతో కప్పేసి ఆయన ముందు పెట్టాను. నడుమ ఏముందో తెలియకుండా చూసేసరికి ఆయన లెక్కలో తోకలు బాగా తగ్గిపోయాయి.

సార్ ఆ రోజు నాతో మాట్లాడలేదు. మర్నాడు వచ్చి, "ఇగ నుంచి అందరు మచ్చ పెట్టే సూడాలె. నాతోని సహా," అన్నారు. అదే మా గది నియమం అయింది. కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇదే. మీ కన్ను మీకు నచ్చినదాన్నే చూస్తుంది. దానికి అడ్డంగా ఒక మచ్చ పెట్టుకునే ఏర్పాటు ముందే చేసుకోండి.

వియ్యంకులు

మౌనిక ఘట్‌కేసర్ నుంచి వచ్చేది. వాళ్ళ నాన్న మల్లేశం నాచారంలో సీసాల ఫ్యాక్టరీలో మెషీన్ ఆపరేటర్. ఆ అమ్మాయి తక్కువ మాట్లాడుతుంది, మాట్లాడితే అవతలివాళ్ళు ఒక క్షణం ఆగాల్సి వస్తుంది. ఆమె పరిశోధనకు గైడ్ సార్, సహ గైడ్ నేను.

ఢీకొంటున్న గెలాక్సీలను పెద్ద సంఖ్యలో జల్లెడ పడుతుండగా ఆమెకు ఒక జంట కనబడింది. రెండు గెలాక్సీలు దాదాపు కలిసిపోయాయి. పై రూపం ఒకటే అయింది కానీ లోపల రెండు నడుములు, అంటే రెండు కేంద్రాలు, ఇంకా విడివిడిగా ఉన్నాయి. సార్ తెర మీద చూసి నవ్వి, "పెండ్లి అయిపోయింది గని వియ్యంకులు ఇంక కలువలే," అన్నారు. అప్పటి నుంచి మా గదిలో ఆ జంట పేరు వియ్యంకులు.

దాని ప్రాముఖ్యం ఏమిటంటే, ఢీ వల్ల వాయువు జారి రెండు కృష్ణబిలాలకూ ఒకేసారి తిండి దొరుకుతోందని చూపగలిగితే, సార్ చెప్పే మాటకు అంతకంటే మంచి సాక్ష్యం ఉండదు. అలాంటి జంటలు దొరకడం అరుదు. కొండ మీది పెద్ద టెలిస్కోప్‌తో రెండు నడుముల కాంతినీ విడివిడిగా తీసి, రంగులుగా విడగొట్టి చూడాలని నిర్ణయించాం. మేస్తున్న కృష్ణబిలం దగ్గరి వాయువు కాంతి ఒక తీరుగా ఉంటుంది. మామూలుగా కొత్త నక్షత్రాలు పుడుతున్నచోటి కాంతి ఇంకో తీరుగా ఉంటుంది. ఆ తేడా పట్టుకోవడం మాకు అలవాటైన పని.

సమాచారం వచ్చింది. తూర్పు వైపున్న నడుములో కృష్ణబిలం మేస్తున్న గుర్తు ఎంతో స్పష్టంగా ఉంది. ఆ పొద్దున సార్ అందరికీ ఇరానీ చాయ్ తెప్పించారు. పడమటి నడుము సంగతి మౌనిక ఇంకా చూడాల్సే ఉంది.

పేపర్లో వార్త

ఆ వారమే ఒక పత్రికా విలేకరి సార్‌ను వేరే పని మీద కలిశాడు. సార్ ఉత్సాహం ఆపుకోలేక వియ్యంకుల గురించి చెప్పేశారు. ఒకటి కాదు, రెండూ మేస్తున్నాయని చెప్పారు. మర్నాడు జిల్లా పేజీలో సార్ ఫొటోతో వార్త వచ్చింది. నాచారం శాస్త్రవేత్తలు జంట కృష్ణబిలాలను కనుగొన్నారని. మా వీధిలో కూరగాయలావిడ కూడా నన్నడిగింది, "మీ ఆఫీసుల ఏదో రెండు దొరికినయంట గద?" అని.

రెండ్రోజుల తర్వాత మౌనిక నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"మేడం, పడమటి దాంట్ల ఏం లేదు."

"ఏం లేదంటే?"

"కొత్త నక్షత్రాలు పుడుతున్నయ్. గంతే. కృష్ణబిలం మేస్తున్న గుర్తు ఒక్కటి గూడ లేదు. నేను వేరే తీరుగ గూడ లెక్క గట్టి సూసిన."

ఇద్దరం కూర్చుని మళ్ళీ మొదటి నుంచీ చేశాం. ఆ అమ్మాయి చెప్పింది నిజం. పడమటి నడుము చుట్టూ ధూళి చాలా దట్టంగా ఉందన్నది మాత్రం కనిపిస్తోంది. దాని వెనక ఏమైనా ఉండొచ్చు, ఉండకపోవచ్చు. మాకు అందిన కాంతి ఆ ధూళిని దాటి రాలేదు.

సార్‌కు చెప్పడానికి ఇద్దరం కలిసే వెళ్ళాం.

"ధూళి ఉన్నది గద," అన్నారు సార్ వెంటనే. "ధూళి ఎనుక ఉన్నది అది. రెండు గెలాక్సీల గ్యాస్ అంత జారి వచ్చినంక ఒక్కదానికే తిండి దొరికి ఇంకోదానికి దొరకదా? జర ఆలోచన చెయ్యి."

"ఉండే ఉంటుంది సార్," అన్నాను. "కానీ ఉందని చూపించడానికి మన చేతిలో ఏముంది?"

"పేపర్ల వచ్చింది గదమ్మా. ఇప్పుడు లేదంటే ఏమంటరు?"

ఆయన గొంతులో కోపం లేదు. భయం ఉంది. ఆయన రిటైర్‌మెంట్ దగ్గరపడింది. ఆ విషయం అప్పటిదాకా మాలో ఎవరమూ పైకి అనలేదు.

సంతకం

సార్ వారం తిరిగేసరికి పరిశోధన పత్రం సొంతంగా రాసి తెచ్చారు. అందులో పడమటి కృష్ణబిలం కూడా మేస్తోంది, ధూళి వల్ల గుర్తులు కనబడలేదు అని ఉంది. మా ముగ్గురి పేర్లూ ఉన్నాయి. పత్రం బయటికి వెళ్ళాలంటే ముగ్గురమూ సంతకం చేయాలి.

మౌనిక నా వైపు చూసింది. ఆమె కాదనలేని స్థితి. ఆమె పట్టా సార్ చేతిలో ఉంది. కాబట్టి కాదనాల్సింది నేను.

"నేను పెట్టలేను సార్," అన్నాను.

"ఎందుకు?"

"తూర్పు దాని వరకూ రాద్దాం. అదీ మంచి ఫలితమే కదండీ. పడమటిది తెలియదని రాద్దాం."

"తెల్వదని రాసుడు నాకు చాతకాదా? నలబయ్ ఏండ్ల సంది ఇదే పని చేస్తున్న. అది ఆడ ఉన్నది కామేశ్వరి. నాకు తెలుసు."

"మీకు తెలుసేమో సార్. చదివేవాళ్ళకు తెలిసేలా మనం ఏమీ చూపించలేదు."

ఆయన కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత చాలాకాలం నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. భోజనాల దగ్గర వేరే బల్ల మీద కూర్చునేవారు. నన్ను తయారు చేసిన మనిషి నన్ను దాటుకుని నడిచి వెళ్తుంటే బాగుండేది కాదు. తప్పు చేశానన్న అనుమానం మాత్రం రాలేదు. నా బాధంతా ఆయన మాట నిజం కావచ్చని అనుకుంటూ కూడా ఇలా కాదనాల్సి రావడం గురించే.

పడమటి నడుములో ఏముందో తెలియాలంటే దారి ఒకటే. ధూళిని చీల్చుకుని వచ్చే గట్టి ఎక్స్-కిరణాలను పట్టుకోవాలి. మెత్తటి, అంటే తక్కువ శక్తి ఉన్న, ఎక్స్-కిరణాలు కొత్త నక్షత్రాల నుంచి కూడా వస్తాయి, అవి పనికిరావు. గట్టివి మాత్రం అంత ధూళి వెనక నుంచి అంత వెలుగుతో రావాలంటే అక్కడ మేస్తున్న కృష్ణబిలం ఉండాల్సిందే. భూమి చుట్టూ తిరిగే ఒక టెలిస్కోప్‌కు ఆ పని వచ్చు. దాని సమయం కోసం ప్రపంచం నలుమూలల నుంచీ పోటీ ఉంటుంది. మౌనిక దరఖాస్తు రాసింది. సార్ చదివి, "పంపుకోర్రి," అని ఊరుకున్నారు. మొదటిసారి తిరస్కరించారు. మళ్ళీ రాసింది.

మల్లేశం వచ్చిన రోజు

ఆ రెండో దరఖాస్తు మీద జవాబు రాకముందే ఒక ఆదివారం మౌనిక వాళ్ళ నాన్న మల్లేశం మా ఇంటికి వచ్చాడు. పొద్దున షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చున్నాడు.

"మేడం, మీరు ఏమనుకోవద్దు. ఒక మాట అడుగుదామని వచ్చిన. మా బిడ్డకు ఆ డాక్టర్ పట్టా వస్తదా, రాదా?"

"ఎందుకలా అడుగుతున్నారు?"

"ఇంట్ల ఏం చెప్పది. తిండి సక్కగ తింటలేదు. పోచారంల కంపెనీ వాళ్ళు నౌకరికి రమ్మంటున్నరంట. పోతనంటది, మల్ల పోనంటది. పెద్ద సారుకు మీకు మాటలు లేవంట గద. మీ ఇద్దరి నడుమ మా బిడ్డ ఆగమైతదేమో అని నా ఫికరు."

మల్లేశం మాటలో నింద లేదు. అందుకే నాకు ఎక్కువ తగిలింది. అప్పటిదాకా నేను దాన్ని నాకూ సార్‌కూ మధ్య విషయంగానే చూశాను. మేమిద్దరం జీతాలున్నవాళ్ళం, పేర్లున్నవాళ్ళం. ఫెలోషిప్ గడువు దగ్గరపడుతున్నది ఆ అమ్మాయికి.

"పట్టా వస్తుందండీ," అన్నాను. "పడమటి వైపు ఏమీ దొరక్కపోయినా వస్తుంది. ఆ ఒక్క జంట మీదే ఆమె పని ఆధారపడి లేదు. ఆ సంగతి సార్‌కూ తెలుసు. నేను రేపే ఆయనతో మాట్లాడతాను."

"మాట్లాడుర్రి మేడం. మీ పంచాయితి ఏందో నాకు తెల్వదు. ఇద్దరు మంచోళ్ళే అంటది మా బిడ్డ."

మర్నాడు సార్ గదికి వెళ్ళి తలుపు వేశాను. మల్లేశం వచ్చిన సంగతి చెప్పాను. సార్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"తండ్రి వచ్చిండా," అన్నారు.

"వచ్చాడు సార్."

"మౌనికను పిలువు. ఆ పిల్ల తీసిన లెక్కలన్నీ పట్టుకొని రమ్మను. మచ్చ పెట్టి సూసినవి."

ఆ రోజు నుంచి సార్ మౌనిక సిద్ధాంత గ్రంథాన్ని అధ్యాయం అధ్యాయంగా చదవడం మొదలుపెట్టారు. అందులో ఉన్నది ఆయనకు నచ్చే విషయం కాదు. దూరంగా ఉండి అప్పుడే దగ్గరపడుతున్న గెలాక్సీల్లో కృష్ణబిలాలు ఒంటరి గెలాక్సీల్లో కంటే ఎక్కువగా మేయడం లేదు. దాదాపు కలిసిపోయినవాటిలో మాత్రం కొంత ఎక్కువ. సార్ ఎర్ర ఇంకుతో ఇంగ్లిష్ దిద్దారు, లెక్కల్లో రెండు చోట్ల పొరపాట్లు పట్టుకున్నారు. ఫలితం జోలికి వెళ్ళలేదు.

వీడ్కోలు సభలో

సార్ రిటైర్‌మెంట్ రోజు సభ పెట్టారు. అందరూ పొగిడారు. పొగిడినవాళ్ళలో ఇద్దరు జంట కృష్ణబిలాల వార్తను కూడా ప్రస్తావించారు. నేను తల వంచుకుని కూర్చున్నాను. చివర్లో సార్ లేచారు.

"రెండు దొరికినయ్ అని పేపర్ల వచ్చింది. చెప్పింది నేనే. ఒకటే దొరికింది. రెండోది ఉన్నదో లేదో మాకు తెల్వదు. నేను ముందుగల చెప్పిన, తొందరపడ్డ. మా కామేశ్వరి సంతకం పెట్టలే, మంచిగ చేసింది. ఆ విలేకరికి గూడ ఫోన్ చేసి చెప్పిన, ఏస్తడో ఎయ్యడో ఆయన ఇష్టం."

అని కూర్చున్నారు. హాల్లో ఎవరికీ చప్పట్లు కొట్టాలో లేదో తెలియలేదు. ఆయన మెడలో దండ ఇంకా అలాగే ఉంది. నా పై అధికారులను చాలామందిని చూశాను. నిండు సభలో, ఎవరూ అడగకుండా, దండ మెడలో ఉండగా ఆ మాట అనగలిగిన మనిషిని ఆయన్నొక్కరినే చూశాను. ఆ సాయంత్రం మేమిద్దరం మళ్ళీ ఒకే బల్ల దగ్గర కూర్చుని సమోసాలు తిన్నాం.

మ్యాచ్ ఉన్న రోజు

టెలిస్కోప్ సమయం రెండో దరఖాస్తుకు దొరికింది. సమాచారం వచ్చేనాటికి సార్ రిటైరై కొన్ని నెలలు గడిచాయి. ఆ రోజు ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్. మధ్యాహ్నానికే రోడ్డంతా నీలం చొక్కాలు, బూరలు. ఆటో దొరక్క నేను సగం దూరం నడిచి, చెమటలు కక్కుతూ గదికి చేరాను. మౌనిక తెర ముందు చేతులు కట్టుకుని కూర్చుంది.

"ఏమైంది?"

"మెత్తటి కిరణాలు రెండు నడుముల నుంచీ వస్తున్నయ్ మేడం. దాంతోని ఏం చెప్పలేం."

"గట్టివి?"

ఆ అమ్మాయి కుర్చీ పక్కకు జరిపింది. తెర మీద తూర్పున ఒక చుక్క. పడమట ఇంకో చుక్క. పడమటిది తూర్పుదానికంటే ప్రకాశంగా ఉంది.

ముందుగా నాకు వచ్చింది సంతోషం కాదు, అనుమానం. పరికరంలో లోపమేమో, వెనకాల దూరంగా ఇంకేదో ఉండి అదే చోట కనిపిస్తోందేమో. ఒక్కొక్కటే కొట్టేస్తూ వచ్చాం. ధూళి ఎంత దట్టంగా ఉంటే కిరణాలు ఏ తీరుగా వడకట్టుకుని రావాలో ఆ తీరుగానే వచ్చాయి. ఇక కొట్టేయడానికి ఏమీ మిగల్లేదు. మౌనిక రెండు చేతులతో ముఖం కప్పుకుంది. కాసేపటికి భుజాలు కదిలాయి. ఏడుస్తోందో నవ్వుతోందో నేను అడగలేదు.

"సారుకు ఫోన్ చేద్దమా?" అంది తర్వాత.

"ఫోన్‌లో వద్దు. పద."

ఆమె స్కూటీ వెనక కూర్చుని రామంతాపూర్‌లో సార్ ఇంటికి బయల్దేరాం. మ్యాచ్ జనంలో దారి పొడుగునా ఆగుతూ, సందుల్లోంచి దూరుతూ వెళ్ళాం. సార్ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. మమ్మల్నిద్దర్నీ చూసి చేతిలో కాయ పళ్ళెంలో పెట్టారు.

"వచ్చింది సార్," అన్నాను. "రెండోది ఉంది. మొదటిదానికంటే ఎక్కువగా మేస్తోంది."

ఆయన పళ్ళెం పక్కకు జరిపారు.

"ఎనుక ఉన్న ఇంకేదన్న కావొచ్చు గద?"

"సూసినం సార్," అంది మౌనిక. "కాదు."

"పరికరం?"

"అది గూడ సూసినం."

సార్ లేచి లోపలికి వెళ్ళారు. నీళ్ళు తాగిన చప్పుడు వినిపించింది. తిరిగి వచ్చి కూర్చునేసరికి ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను చెప్పిందే కదా అయింది అంటారని ఎదురుచూశాను. అంటే అననీ, ఆ మాట ఆయనకు దక్కాల్సిందే అని కూడా మనసులో అనుకున్నాను.

"అప్పుడు నువ్వు సంతకం పెట్టి ఉంటే ఏమైతుండె?" అన్నారు నాతో.

"మీరు చెప్పింది నిజమయ్యేది సార్."

"నిజం అయితుండె. నాకు తెలిసి చెప్పినట్టు మాత్రం కాకపోతుండె. గుడ్డిగ ఏసిన రాయి తగిలినట్టు ఉంటుండె. ఇప్పుడు మంచిగున్నది." మౌనిక వైపు తిరిగారు. "బిడ్డా, పత్రం నువ్వు రాయి. మొదటి పేరు నీదే. నాది ఆఖరున పెట్టు, పెట్టాలనిపిస్తేనే."

"మీది లేకుంటే ఎట్ల సార్," అంది ఆ అమ్మాయి.

"సరే పెట్టు. ముందుగాల చిక్కుడుకాయ కూర తిని పోర్రి."

తిన్నాం. స్టేడియం వైపు నుంచి జనం అరుపులు వినబడుతున్నాయి. ఎవరు గెలుస్తున్నారో మాలో ఎవరికీ తెలియదు.

ఆఖరి ప్రశ్న

మౌనిక వైవాకు సార్ వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. మల్లేశం ఇస్త్రీ చొక్కా వేసుకుని గోడవారన నిలబడ్డాడు. ఎంత చెప్పినా కూర్చోలేదు. బయటి ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు పేరున్నవాడు, కాస్త పెళుసు మనిషి. గంటకు పైగా అడిగి, చివర్లో కాగితాలు పక్కన పెట్టాడు.

"ఒక్క ముక్కలో చెప్పమ్మా. గెలాక్సీలు ఢీకొంటే కృష్ణబిలాలు పెరుగుతాయా, పెరగవా?"

"కొన్నిట్లో పెరుగుతున్నాయి సార్," అంది మౌనిక. "ఢీ ఆఖరు దశకు వచ్చినవాటిలో ఎక్కువగా కనిపిస్తోంది. చాలావరకు ధూళి వెనక ఉంటాయి కాబట్టి ఇన్నాళ్ళూ మనం కొన్నిటిని లెక్కలోకి తీసుకోలేదేమో. కానీ ఏ ఢీ లేకుండా పెరిగేవి కూడా ఉన్నాయి. వాటికి తిండి ఎలా అందుతోందో నా పరిశోధన చెప్పలేదు. నాకు తెలియదు."

"మీరు వియ్యంకులు అని పిలిచే ఒక మంచి జంట దొరికింది కదా. మీ రాజలింగం గారైతే అన్నిటికీ ఢీయే కారణం అనేవారు."

అందరూ వెనక్కి తిరిగారు. సార్ కూర్చున్నచోటు నుంచే అన్నారు, "ఒక జంట ఒక జంటే సార్. అమ్మాయి చెప్పిందే రాసుకోర్రి."

పరీక్షకుడు నవ్వాడు. అతను నవ్వగలడని మాకెవరికీ అప్పటిదాకా తెలియదు. లేచి మౌనికకు చెయ్యి చాపి, "డాక్టర్ మౌనిక," అన్నాడు. గోడవారన ఉన్న మల్లేశం అప్పుడు కూర్చున్నాడు.

ఈ ఉద్యోగంలోకి వస్తున్నవాళ్ళకు చెప్పాల్సింది ఇంతే. మీరు నమ్మింది నిజం కావచ్చు. అది నిజమని తెలిసేదాకా ఆగడానికే మీకు జీతం ఇస్తారు. ఆగనివ్వని పై అధికారి ఎదురైతే కాదనండి, కానీ మీ ఇద్దరి మధ్య ఎవరు నలుగుతున్నారో కూడా చూసుకోండి. మీకు రాజలింగం సార్ లాంటివాళ్ళు దొరికితే ఇంకా మంచిది.

వైవా అయిన ఆ సాయంత్రం అందరికీ చెప్పి హబ్సిగూడలో మెట్రో ఎక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది. ఏడాదిగా సరిగ్గా నిద్రలేదన్న సంగతి అప్పుడే గుర్తొచ్చింది. కూర్చున్నది గుర్తుంది. తర్వాత ఎవరో భుజం దగ్గర మెల్లగా పిలుస్తున్నారు. కళ్ళు తెరిస్తే రైలంతా ఖాళీ. ఉప్పల్ ఎప్పుడో దాటిపోయింది. ఎదురుగా సెక్యూరిటీ అమ్మాయి వంగి చూస్తోంది.

"అమ్మా, నాగోల్ వచ్చింది. ఆఖరు స్టేషన్, దిగాలె. పానం మంచిగున్నదా?"

"బాగానే ఉందమ్మా," అన్నాను, చెప్పులు వెతుక్కుంటూ. "నిద్ర పట్టింది, అంతే."